కొండచరియ - లంక ఒడ్డు

కోనసీమలో కొండ లేదు. అమలాపురం నుండి రాజోలుకు, రాజోలు నుండి కొత్తపేటకు ఎంత దూరము నడచినను ఎక్కదగిన ఎత్తు ఏటిగట్టు ఒక్కటే. అందుచేత కొండచరియలు విరిగిపడినవని పత్రికలలో చదివినపుడు కోనసీమ విద్యార్థికి అది హిమాలయములలోనో, కేరళలోనో జరుగు సంగతిగా తోచుట సహజము. అయితే ఆ విద్యార్థి లంక గ్రామములో పుట్టినవాడైనచో, వరద దిగిన వారములో కొబ్బరిచెట్టు తన క్రిందనున్న మట్టితో సహా నిలువునా ఏటిలోనికి జారిపోవుట కన్నులార చూచియే ఉండును. కొండచరియ జారుట, లంక ఒడ్డు విరిగిపడుట ఒకే జాతి సంఘటనలు. ఎత్తులో భేదమున్నది, పడు మట్టి పరిమాణములో భేదమున్నది, కారణములో మాత్రము భేదము స్వల్పము. రెండుచోట్లను అసలు కర్త మట్టిలోపల చేరిన నీరు.

లంకలవారు తరతరములుగా గమనించిన విషయమొకటి కలదు. ఏరు నిండుగా, ఎర్రగా, సుడులు తిరుగుచు పారుచున్నపుడు ఒడ్డు చాలచోట్ల నిలుచును. వరద తగ్గి, జనము ఊపిరి పీల్చుకొని ఇండ్లలోని బురద కడుగుకొనుచున్నపుడు పెద్ద పెద్ద పెళ్లలు విరిగి పడును. ప్రవాహపు ఒరిపిడియే ఏకైక కారణమైనచో ప్రవాహము బలముగా ఉన్ననాడే ఒడ్డు పడవలసినది. తగ్గిన తరువాత ఎందుకు పడుచున్నది?

దీనికి సమాధానము పిల్లలు ఏటి ఇసుకలో కట్టు పిచ్చుక గూళ్ళలోనే ఉన్నది. పొడి ఇసుకతో గూడు నిలువదు. కొంచెము తడిసిన ఇసుక పాదముమీద చక్కగా నిలుచును. మరికొంత నీరు పోసినచో గూడు ముద్దయై పారిపోవును. తడి ఇసుకలో నీరు రేణువుల మధ్య పలుచని పొరగా ఉండి, తలతన్యత వలన వాటిని దగ్గరకు లాగుచుండును. సందులన్నియు నీటితో నిండగానే ఆ లాగుడు మాయమగును. అంతేకాదు, సందులలోని నీటికి పీడనము కలిగి అది రేణువులను ఎడముగా నెట్టుచుండును. రేణువులు ఒకదానినొకటి ఎంత గట్టిగా ఒత్తుకొనియున్నచో మట్టికి జారకుండ నిలుచు బలము అంత ఉండును. నీటి పీడనము పెరిగినకొలది ఆ ఒత్తిడి తగ్గిపోవును. ఈ సూత్రమును శాస్త్రీయముగా నిలబెట్టినవాడు ఆస్ట్రియా దేశపు ఇంజనీరు కార్ల్ టెర్జాగి. 1925లో వెలువడిన ఆయన గ్రంథముతో మృత్తికా యాంత్రికశాస్త్రము ఒక ప్రత్యేక శాస్త్రముగా నిలదొక్కుకొన్నది.

ఇప్పుడు లంక ఒడ్డును చూడుడు. వరద నిండుగా ఉన్న రోజులలో నీరు ఒడ్డులోనికి ఇంకును. అయితే అదే సమయమున బయటి నీరు ఒడ్డునకు చేరగిలబడి గోడవలె ఆనుడునిచ్చుచుండును. వరద దిగినపుడు ఈ ఆనుడు ఒకటి రెండు దినములలో తొలగిపోవును. లోపలికి ఇంకిన నీరు అంత త్వరగా బయటకు రాదు, ఏలయన పై పొర సన్నని ఒండ్రు. ఆ విధముగా నీరు త్రాగి బరువెక్కిన మట్టి, లోపల నీటి పీడనముతో బలము తగ్గి, బయట ఆనుడు లేక ఒక్కసారిగా ఒంటరియగును. దీనికి తోడు లంకలలో పై పొర జిగటగానుండు ఒండ్రు, దాని అడుగున తరచుగా వట్టి ఇసుక. వరద పారినంత కాలము అడుగు ఇసుకను తొలుచుకొనిపోవును. పైనున్న ఒండ్రు చూరువలె వ్రేలాడుచుండును. ఇక పడుటకు ముహూర్తమే తక్కువ.

నీటిమట్టము దిగుట వలననే నేల జారునన్నది వింతగా తోచవచ్చును. ఇటలీ దేశములో 1963 అక్టోబరు 9వ తేదీ రాత్రి వయోంట్ జలాశయముపై జరిగిన ఘోరము దీనికి పెద్ద నిదర్శనము. జలాశయము నిండుట చేత ప్రక్కనున్న టోక్ కొండవాలు కదలుట మొదలిడినది. దానిని నెమ్మదింపచేయుటకై ఇంజనీర్లు నీటిని తగ్గించుచుండగానే 25 కోట్ల ఘనపు మీటర్లకు మించిన కొండభాగము జలాశయములోనికి దూకినది. ఆనకట్ట చెక్కుచెదరలేదు. దానిపైనుండి ఎగసిన నీరు మాత్రము దిగువనున్న లొంగరోనె పట్టణమును తుడిచివేసినది. సుమారు 2,000 మంది మరణించిరి. వయోంట్‌లో కొండలోపలి జిగటమన్ను పొరకు, నీటి పీడనమునకు గల సంబంధమును గురించి శాస్త్రజ్ఞులు చాలకాలము చర్చించిరి. నీరు నింపుటయే కాక దింపుటయు ప్రమాదకరమన్న సంగతి మాత్రము నాటినుండి ప్రతి జలాశయ ఇంజనీరుకును పాఠమైనది. లంకలవారికి ఆ పాఠము గోదావరియే ఏటేట చెప్పుచున్నది.

అసలు కోనసీమ నేల ఎక్కడిది? మంచుయుగము ముగిసిన పిదప వేల సంవత్సరములు వేగముగా పెరిగిన సముద్రమట్టము సుమారు ఆరేడు వేల ఏండ్ల క్రిందట నెమ్మదించినది. ఆనాడు తీరము నేటికంటె చాల లోపల ఉండెను. నాసికము చెంత త్ర్యంబకమున పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి, 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన తన పరీవాహక ప్రదేశమునుండి మట్టిని తెచ్చి ఇచ్చట పోసినది. దక్కను రేగడి నేలలు, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులు దిగివచ్చు అడవికొండలు - వీటన్నిటి మట్టియు పాపికొండల నడుమనుండి సాగివచ్చి ధవళేశ్వరము వద్ద విప్పారినది. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, వశిష్ఠనుండి చీలిన వైనతేయ - ఈ పాయల నడుమ కోనసీమ పెరిగినది. సముద్రము ఒకప్పుడు ఎచ్చట నిలిచెనో తెలుపు ఇసుకమెట్టలు తీరమునకు సమాంతరముగా వరుసలు వరుసలుగా నేటికిని కనబడుచున్నవి. ఒకప్పుడు ఎగువ కొండవాలులనుండి జారిన మట్టియే ఇప్పటి కొబ్బరితోటల నేలలో చాలభాగము. కొండచరియలు కోనసీమకు పరాయివి కావు. ఒక విధముగా పుట్టినిల్లు.

డెల్టా నేలకు ఒక స్వభావమున్నది. పోసిన ఒండ్రు తన బరువునకు తానే అణగుచు కొద్దికొద్దిగా కుంగుచుండును. ఏటేట వరద పరచు క్రొత్త ఒండ్రు ఆ కుంగుదలను పూరించుచుండును. ఈ జమాఖర్చు సరిపోయినంత కాలము నేల నిలుచును. గత 175 సంవత్సరముల చరిత్ర అంతయు ఈ జమాఖర్చు మారిన చరిత్రయే.

ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. కరవులతో క్షీణించిన డెల్టాకు అది ప్రాణము పోసినది. ఈ విషయములో రెండవ మాట లేదు. కాలువలతోపాటు ఏటిగట్లును బలపడినవి. గట్టునకు అవతలి పొలములు వరదనుండి రక్షింపబడినవి. దానికి చెల్లించిన మూల్యము అప్పుడెవరికిని కనబడలేదు. వరదతోపాటు ఒండ్రుకూడ ఆ పొలములకు దూరమైనది. గట్లకు ఇవతల, ఏటి కడుపులోనున్న లంకలు మాత్రము పాతకాలపు డెల్టాగానే మిగిలినవి. అచ్చట ఒక ఏడు మేట, ఒక ఏడు కోత. ఒక ఒడ్డు తరుగును, ఎదుటి ఒడ్డు పెరుగును. తరిగిన ఒడ్డున రైతునకు పట్టా కాగితము ఉండును, పొలము ఉండదు.

ఇరువదవ శతాబ్దిలో కథ ఎగువకు మారినది. మంజీరపై 1931లో నిజాంసాగరము నిండినది. తరువాత పోచంపాడు, జాయకవాడి మొదలగు పెద్ద జలాశయములును, లెక్కకు మిక్కిలిగా చిన్న జలాశయములును వచ్చినవి. జలాశయములో ప్రవాహము ఆగును. ఆగిన నీరు మట్టిని అడుగున వదలును. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, గోదావరి డెల్టాకు చేరు ఒండ్రు 1971-79 మధ్య సుమారు 15 కోట్ల టన్నులుండగా 1990-98 నాటికి సుమారు 5.7 కోట్ల టన్నులకు పడిపోయినది. ఇరువది సంవత్సరములలో మూడింట రెండువంతులు కరగిపోయినదన్నమాట. శతాబ్ది చివరి పాదములో ఈ డెల్టా తీరము, చేరిన భూమిని మినహాయించినను, సుమారు 1,800 హెక్టార్లు - అనగా నాలుగున్నర వేల ఎకరములు - సముద్రమునకు అప్పగించినదని వారు లెక్క తేల్చిరి. 2009లో ప్రపంచములోని 33 డెల్టాలను పరిశీలించిన అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందముకూడ కుంగు డెల్టాల సరసన గోదావరిని చేర్చినది. నిర్మాణములోనున్న పోలవరము డెల్టాకు అతి సమీపమున నిలుచు జలాశయము. దాని నీటిని గురించి జరిగిన చర్చలో వందవ వంతు కూడ దాని అడుగున నిలువనున్న ఒండ్రును గురించి జరుగలేదు.

ఒండ్రు తగ్గిన నదికి ఆకలి ఎక్కువ. మోయగల శక్తి ఉండి మోయుటకు మట్టి లేనపుడు అది తన అడుగును, తన ఒడ్డునే తినును. ఏటిలో ఇసుక త్రవ్వకము దీనికి తోడైనచో అడుగు మరింత దిగి, ఒడ్డు ఎత్తు ఆమేరకు పెరిగినట్లగును. ఎత్తైన ఒడ్డు సులభముగా కూలును. ఇందులో వాతావరణము ప్రసక్తి ఇంకను రాలేదు. ఈ సంగతి స్పష్టముగా చెప్పుకొనవలెను. విరిగిన ప్రతి పెళ్లను వాతావరణ మార్పునకు అంటగట్టి చేతులు దులుపుకొనుట శాస్త్రము కాదు.

అయినను వాతావరణము తన వంతు చేయుచునే ఉన్నది. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము ఎక్కువ నీటిఆవిరిని ఇముడ్చుకొనగలదు. ఆ ఆవిరి కురియునపుడు ఒక్కుమ్మడిగా కురియును. మధ్య భారతమున 1950 నుండి 2015 వరకు గల వర్షపాతమును పరిశీలించిన శాస్త్రజ్ఞులు, విస్తారమైన ప్రదేశముపై కురియు అతివృష్టి సంఘటనలు సుమారు మూడు రెట్లు పెరిగినట్లు 2017లో ప్రకటించిరి. ఇందులోని విశేషమేమనగా, అదే కాలమున ఋతుపవనముల మొత్తము వాన పెరుగలేదు, తగ్గినది. కురియు దినములు తగ్గి, కురిసిన దినమున కుండపోతయగుచున్నది. గోదావరి పరీవాహక ప్రదేశములో అధికభాగము ఈ మధ్య భారతమునకే చెందును.

ఒడ్డు దృష్టితో దీనిని చూచినచో అర్థము వేరు. ఏడాదిలో ఎంత నీరు పారినదన్నది ఒడ్డునకు ముఖ్యము కాదు. ఎన్నిసార్లు పొంగినది, ఎంత వేగముగా దిగినది అన్నదే ముఖ్యము. నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గు ఏరు ఒడ్డును అలవాటు చేయును. గబగబ పొంగి గబగబ దిగు ఏరు ఒడ్డును పరీక్షించును. ఎగువ జలాశయముల తలుపులు తెరచుట, మూయుట ఈ హెచ్చుతగ్గులను మరింత పదును చేయగలదు.

గోదావరి మహావరదల చరిత్రలో 1953, 1986, 2006 సంవత్సరములు ముఖ్యమైనవి. మూడును ఆగస్టు నెలలోనే వచ్చినవి. 1986లో భద్రాచలము వద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. ధవళేశ్వరము వద్ద ప్రవాహము సుమారు 35 లక్షల క్యూసెక్కులు. అదియే నేటికిని రికార్డు. 2006లో అది సుమారు 28.5 లక్షలు. ఆ తరువాతి పెద్ద వరద 2022లో జులై మధ్యలోనే వచ్చినది. భద్రాచలము వద్ద 71 అడుగులు దాటినది. ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించినది. ఆ ఏడాది ఏప్రిలు 4న ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాకు మూడు నెలల ప్రాయమున ఎదురైన మొదటి పరీక్ష అది. లంకలలో జనము పడవలపై రాకపోకలు సాగించిరి. వరద ముందుగా వచ్చుటలో ఒక చిక్కు ఉన్నది. జులైలో నానిన ఒడ్డు ఆరకముందే ఆగస్టు, సెప్టెంబరు వరదలు రాగలవు. ఒకే ఒడ్డు ఒకే ఏట రెండుమూడు పరీక్షలకు కూర్చుండవలసివచ్చును.

ఇక కొండల సంగతి. తూర్పుకనుమలలో ఖొండలైటు శిల విస్తారముగా ఉన్నది. అది వానకు, ఎండకు శిథిలమై లోతైన ఎర్రమట్టిగా మారును. అట్టి మట్టి నీరు త్రాగినపుడు జారుట సహజము. 1960-70 మధ్య వేసిన కొత్తవలస-కిరండూల్ రైలుమార్గము 58 సొరంగములగుండ ఈ కొండలను ఎక్కుచున్నది. భారీవానలకు బొర్రా పరిసరములలో చరియలు దానిపై పడి రైళ్ళు నిలిచిపోవుట పలుమార్లు జరిగినది. 2024 సెప్టెంబరులో అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలమున చరియలు విరిగి గిరిజన గ్రామముల మీద పడినవి. దానికి కొద్దిదినముల ముందు, ఆగస్టు 31న, విజయవాడ మొగల్రాజపురములో కొండరాళ్ళు ఇండ్లపై పడి ప్రాణనష్టము కలిగినది. అంతకు నెల ముందు జులై 30 తెల్లవారుజామున కేరళ వయనాడులో ముండక్కై, చూరల్‌మల గ్రామములు బురదలో కలిసిపోయినవి. 200 మందికి పైగా మరణించిరి. అప్పటికే నానియున్న నేలపై ఒక్కరోజున 140 మిల్లీమీటర్లకు పైగా వాన కురియుట దానికి తక్షణ కారణము. భూతాపము వలన ఆ వాన సుమారు 10 శాతము ఎక్కువ తీవ్రమైనదని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందమొకటి అంచనా వేసినది. పది శాతము కొంచెమే గదా అనిపించవచ్చును. నిండిన కుండలో చివరి చెంబు కూడ కొంచెమే.

కొండలు జారినచో ఆ మట్టి డెల్టాకు చేరి మేలుచేయునని ఎవరైన అనుకొనవచ్చును. పూర్వము అట్లే జరిగినది. ఇప్పుడు జారిన మట్టిలో చాలభాగము దారిలోని జలాశయములలో ఆగిపోవును. కొండకు నష్టము, జలాశయమునకు పూడిక. డెల్టాకు మట్టి లేని నీరు.

తీరమున మూడవ శత్రువు కాచియున్నది. ప్రపంచ సముద్రమట్టము 1901-2018 మధ్య సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. ఇటీవల ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుచున్నది. పెరుగు సముద్రము, కుంగు నేల, తగ్గు ఒండ్రు - మూడును ఒకే దిక్కునకు లాగుచున్నవి. మొగలవద్ద సముద్రమట్టము ఎక్కినకొలది పోటునీరు పాయలలో మరింత పైకి వచ్చును. ఆ చోట ఒడ్డునకు వరద కొరకు ఎదురుచూడవలసిన పని లేదు. పోటు పాట్ల రూపమున దినమునకు రెండుసార్లు నానుట, ఆరుట తప్పదు. అంతర్వేదివంటి చోట్ల అలలు ఇండ్లవరకు వచ్చినపుడు పత్రికలు దానిని సముద్రము ముందుకు వచ్చినదని వ్రాయును. నిజమునకు నేలయు వెనుకకు పోవుచున్నది. తుపానులు ఈ పనిని ఒక్కరాత్రిలో ముగించును. 1839 నవంబరులో గౌతమి అవతలనున్న కోరంగి రేవును ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లను నేలకూల్చి వేయికి పైగా ప్రాణములు తీసిన తుపాను దీనికి సాక్ష్యములు. కోరంగి మడ అడవులు అలల బలమును తగ్గించి, తమ వేళ్ళ నడుమ ఒండ్రును పట్టి నిలుపును. మడచెట్లు కొట్టి చెరువులు త్రవ్వినచోట ఆ పని చేయువారు లేరు.

ఒడ్డు కాపాడుటకు ఇంజనీర్లు వాడు సాధనములు రెండు: ప్రవాహమును ఒడ్డునుండి మళ్ళించు గ్రోయిను, ఒడ్డుపై పేర్చు రాతిపరుపు. గ్రోయిను ఒక ఊరిని కాపాడి, పాయ ఇరుకైనచోట ఎదుటి ఊరిమీదికి ఏటిని తోలుట కద్దు. అందుచేత దానిని ఒక ఊరి అర్జీనిబట్టి గాక పాయ మొత్తమును చూచి కట్టవలెను. రాతిపరుపు విషయములో చేయు పొరపాటు సూక్ష్మమైనది. రాళ్ళ క్రింద గులకరాయి, ఇసుక పొరలు వేసి లోపలి నీటికి దారి ఇయ్యకపోయినచో, వరద దిగినపుడు ఆ నీరు వెనుకనుండి త్రోసి రాతిపరుపును సైతము ఏటిలోనికి నెట్టును. రాయి చాలలేదని మరల రాయి పోయుదురు. కావలసినది నీటికి దారి. లోతునకు పోవు వట్టివేరు వాలునేలలను పట్టియుంచుటకు పలుదేశములలో వాడబడుచున్నది. కొబ్బరి వేళ్ళు పై పొరలోనే గుబురుగా అల్లుకొనును, లోతుగా దిగవు. ఒడ్డు అంచుననున్న కొబ్బరిచెట్టు కాపలాదారు కాదు, బరువు.

వరద దిగునపుడు ఒడ్డు పడుటను తరగతిగదిలో చూడవచ్చును. గాజుతొట్టెలో ఒక ప్రక్క లంక ఒండ్రును ఏటవాలుగా అణచి పేర్చి, రెండవ ప్రక్క నెమ్మదిగా నీరు నింపి ఒక రాత్రి నాననీయవలెను. రబ్బరు గొట్టముతో నీటిని చుక్కచుక్కగా తీసినచో వాలు చాలవరకు నిలుచును. మరల నింపి, నానబెట్టి, నాలుగైదు నిమిషములలో తీసివేసినచో పై అంచునకు కొంచెము లోపల సన్నని బీట కనబడి, ఆ భాగము క్రిందికి జారును.

లంక పాఠశాలలలో ఇంకొక పనియు చేయవచ్చును. ఒడ్డునకు లంబముగా, వెనుకనుండి అంచువరకు, పది అడుగులకొక వెదురుమేకు పాతి సంఖ్యలు వ్రాయవలెను. వానాకాలమునకు ముందు, ప్రతి వరద తరువాత ఎన్ని మేకులు మిగిలినవో, ఏ తేదీన ఏటి నీరు ఎంత దిగినదో నోటుపుస్తకములో ఎక్కించవలెను. పది సంవత్సరములు నిలిచినచో అట్టి పుస్తకము ఆ ఊరికి ఏ ఉపగ్రహచిత్రమును చూపలేని వివరము చూపును. కొలుచు విద్యార్థులు అంచునకు పోరాదు. అంచునకు సమాంతరముగా నేలపై బీట కనబడిననాడు కొలత ఆపి, ఆ బీటకు ఏటివైపునున్న పశువులను, పాకలను వెంటనే ఇవతలికి మార్పించవలెను. వరద దిగిన తరువాతి వారము పది దినములు ఆ బీటను దూరమునుండియే ప్రతి ఉదయము చూచుచుండవలెను.